మోటారు పందెపు బాటలు: మా యిష్టానిష్టములు

మోటారు పందెములను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని కొందఱు సోదరీమణులకు వింతగా తోచవచ్చును. కాని ఆదివారము సాయంకాలము టెలివిజను ముందు కూర్చుండువారు పురుషులు మాత్రమే కారు. వంటపని ముగించి, చెంగుతో చేతులు తుడుచుకొనుచు వచ్చి, "ఇంక నెన్ని చుట్లున్నవి?" అని యడిగి, అడిగినచోటనే చతికిలబడి చివరిదాక చూచు గృహిణులను పలువురిని మేమెఱుగుదుము. మేమును ఆ కోవలోని వారమే. పందెగాండ్ర పేరులు మఱచినను ఆ బాటల రూపములు మాత్రము మా మనసున నిలిచిపోయినవి. ఏ బాట యెచట వంగును, ఎచట కొండ యెక్కును, ఎచట చెట్ల నీడలో జొచ్చును అనునవి, కన్నవారి యూరి వీధులవలె, కన్నులు మూసికొని చెప్పగలము. వానిలో కొన్ని మాకు ప్రాణము. కొన్నింటి పేరు వినినంతనే లేచి లోనికి పోవుదుము.

పందెములను వర్ణించువారు ఒక బాట మంచిచెడ్డలను నిర్ణయించునపుడు, బండ్లు ఒకదాని నొకటి దాటుటకు చోటున్నదా, గంటకెన్ని కిలోమీటర్ల వేగము సాగును, అని విచారింతురు. ఆ లెక్కలను మేము కాదనము. అయినను మేము మొదట విచారించునవి వేఱు. ఆ బాట ఏ నేలమీద నున్నది? అంతకుముందు ఆ నేల యేమి చేయుచుండెను? దాని ప్రక్కన కాపురముండువారికి దానితో నేమి పొత్తు? అందు తిరుగుచున్నవాని కొఱకు కాచుకొని కూర్చున్న యాడుదానికి అది యెట్టి బాట?

ఈ కడపటి ప్రశ్న మేము కల్పించినది కాదు. 1960 మొదలు ఒక పదునైదేండ్ల కాలము, సారథుల భార్యలు పలువురు పందెములకు వెంట పోయి, పిట్ అనబడు మరమ్మతు చావడి ముందు, చేత స్టాప్‌వాచీయు ఒడిలో లెక్కకాగితములును పెట్టుకొని కూర్చుండెడివారు. తమ భర్త బండి ఒక చుట్టు తిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టినదో, తక్కినవారికెంత పట్టినదో వారే గుర్తించి వ్రాసెడివారు. నేటి యంత్రగణన రాకపూర్వము ఆ లెక్కకు చాల విలువ యుండెను. జాకీ స్టీవర్టు భార్య హెలెన్, యోఖెన్ రిండ్టు భార్య నీనా ఆ పనిలో పేరు పడినవారు. లెక్క వ్రాయువారికి భయపడుటకు తీఱిక యుండదని కొందఱందురు. మాకట్లు తోచదు. బండి రావలసిన సమయము సెకండ్లతో సహా తెలిసినవారికే గదా, అది రాని సెకండు ఎట్టిదో తెలియుట. నిమిషమున్నరకు తిరిగి కనబడు బాట యొకటి, పది నిమిషములు కంటికి మఱుగై పోవు బాట యొకటి. ఈ రెండింటికిని గల భేదము ఆ గోడప్రక్కన కూర్చున్నవారికి తెలిసినట్లు మఱి యెవ్వరికిని తెలియదు.

నీనా రిండ్టు పేరు చెప్పితిమి గనుక మోంజా మాట ముందుగా ముగింతుము. ఇటలీదేశమున మిలాను నగరమునకు చేరువ, ఒక పూర్వపు రాచనగరు ఉద్యానవనములో 1922లో కట్టిన బాట యది. పెద్దచెట్లు, చల్లని నీడ, పొడవైన తిన్నని త్రోవలు. అందమునకు లోటేమియు లేదు. కాని 1970వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన, పందెమునకు ముందు జరుగు పరీక్షలో, రిండ్టు అచట మరణించెను. అప్పటికే యతడు సంపాదించిన గుణములను ఆ యేడు మఱెవ్వరును దాటలేకపోయిరి. కావున ప్రపంచ విజేతయని మృతుని పేరే చాటి, ఆ బహుమానమును నీనా చేతికిచ్చిరి. స్టాప్‌వాచి పట్టిన ఆ చేతులలో ఆ వెండిపాత్రను ఊహించుకొన్నది మొదలు, మోంజా తోటను మేము మనసార చూడలేకున్నాము. దీనిని బాట దోష మనలేము. అందుచే దానిని నచ్చినవానిలోను చేర్పము, నచ్చనివానిలోను చేర్పము.

ఇక నచ్చనివి. లోకమునందలి పందెపు బాటలలో అధికభాగము మన దేవాలయ ప్రదక్షిణము వలెనే, నడుమ భాగము కుడిచేతి వైపున నుండునట్లు తిరుగును. కొన్ని మాత్రమే అప్రదక్షిణములు. ఇది శాస్త్రముతో పనిలేని సంగతియే గాని, శరీరముతో పని కలదు. వేగముగా మలుపు తిరుగునపుడు సారథి తల వెలుపలి వైపునకు ఈడ్వబడును. ఏడాది పొడవున ఒక వైపున కలవాటు పడిన మెడనరములు, దిక్కు మాఱినయెడల ఓర్వజాలవు. ఈ బాధకు పేరుపొందిన బాట అమెరికాలో నెవాడా యెడారియందలి లాస్ వేగాస్ నగరమున నుండెను. సీజర్స్ ప్యాలెస్ అను జూదపు హోటలువారి యావరణలో, వచ్చినవారి కార్లు నిలుపుకొను ఖాళీస్థలమున నొక బాట వేసి, 1981లోను 1982లోను ఫార్ములా వన్ సంవత్సరపు చివరి పందెము నచట జరిపించిరి. చుట్టు పొడవు 3.65 కిలోమీటర్లు, చుట్లు 75. స్థలము చిన్నది, బాట పొడవు కావలెను. అందుచే జంతికల గొట్టముతో పిండినట్లు, త్రోవను అటు మడచి యిటు మడచి యిమిడ్చిరి. ఎక్కుడు లేదు, దిగుడు లేదు, చెట్టు లేదు, ఊరు లేదు. ఒక మలుపునకును మఱియొక మలుపునకును భేదము తెలియదు. పైన యెడారి యెండ. 1981లో నెల్సన్ పికే అయిదవవాడుగా ముగించి ఒక్క గుణము తేడాతో ప్రపంచ విజేత యయ్యెను గాని, బండి దిగుటకు గూడ ఓపిక లేక సొమ్మసిల్లి యుండెను. 1982 తరువాత ఆ స్థలమున ఫార్ములా వన్ జరుగలేదు. 2023 మొదలు అదే నగరమున నగర వీధులలో వేఱొక బాట మీద జరుగుచున్నది. కార్లు నిలుపుచోట పందెము పెట్టుట, వాకిలి ఊడ్చి విందు పెట్టక, చెత్తకుప్ప ప్రక్కన విస్తరి వేసినట్లు మాకు తోచును.

అది అందములేని బాట. అంతకంటెను మాకు అసహ్యమైన బాట మఱియొకటి కలదు. బెర్లిను నగరమున గ్రూనెవాల్డు అడవిలో 1921లో తెఱచిన ఆవుస్ అనునది. దానిని బాట యనుటకే మాకు మనసొప్పదు. ఒకదాని ప్రక్క నొకటిగా సాగిన రెండు తిన్నని త్రోవలు, కొనలయందు తిరుగుటకు రెండు వంపులు. అంతియే దాని రూపము. దారపుండను సాగదీసి రెండు మేకులకు తగిలించినట్లుండును. తెలివితో పని లేదు, నేలతో పని లేదు. వేగ మొక్కటే. 1937లో ఆ వేగమును ఇంకను పెంచుటకై ఉత్తరపు వంపును ఇటుకలతో కోటగోడవలె 43 డిగ్రీల వాలుగా కట్టిరి. మన పెంకుటిండ్ల కప్పుకంటెను నిటారైన వాలు. పైయంచున బండిని ఆపుటకు అడ్డుగోడ కట్టలేదు. ఆ యంచు 1959లో నేమి చేసినదో పిమ్మట చెప్పెదము. దానితో నొక స్త్రీ కథ ముడివడి యున్నది. ఆ యిటుకల వంపును 1967లో పడగొట్టిరి. ఆ తిన్నని త్రోవలు నేడు సామాన్యులు పోవు రాజమార్గములో భాగములు. అదియే వానికి తగిన పని.

మన దేశపు బాటలను విడువరాదు. నెల్లూరి నుండి చెన్నపట్టణము పోవు పెద్దబాటమీద, నగరము ఇంక కొంత దూరమున నున్నదనగా, షోలవరము అను నూరు తగులును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచట విమానముల కొఱకు వేసిన త్రోవలు యుద్ధానంతరము ఊరక పడియుండగా, మద్రాసు మోటారు క్రీడాసంఘమువారు దానిని పందెములకు వాడుకొనిరి. శ్రీపెరంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల క్రొత్త బాట కట్టుకొనువఱకు, దక్షిణ దేశమున మోటారు పందెమన్నను షోలవరమన్నను ఒకటియే. యుద్ధమునకై పఱచిన నేల ఆటకు వచ్చుట మాకు సంతోషము.

ఢిల్లీ నగరమునకు ఆవల గ్రేటర్ నోయిడాలో 2011లో తెఱచిన బుద్ధ అంతర్జాతీయ బాట సంగతి వేఱు. 5.125 కిలోమీటర్ల పొడవు, 16 మలుపులు. హెర్మన్ టిల్కే అను జర్మను శిల్పి గీచినది. చదును నేలను త్రవ్వి పోసి, ఎత్తుపల్లములు కల్పించిరి. బాట మంచిదని సారథులే మెచ్చుకొనిరి. మొదటి దినమున నొక వీధికుక్క లోనికి జొచ్చి ప్రపంచవిఖ్యాతుల బండ్లను ఆపివేసినది. మా యింటిలో నేటికిని ఆ కుక్కను తలచుకొని నవ్వుదురు. మన కోయంబత్తూరువాడగు నారాయణ్ కార్తికేయన్ ఆ తొలి పందెమున తిరిగెను. సెబాస్టియన్ వెటెల్ మూడేండ్లును తానే గెలిచి, 2013లో తన నాలుగవ ప్రపంచ విజయము నచటనే సంపాదించి, బండి దిగి దాని ముందు మోకరిల్లెను. అంతటితో ఆ వైభవము తీఱినది. ఇది క్రీడయా, వినోదమా అని పన్నుల తగవు పుట్టెను. ఫార్ములా వన్ 2014లో రాలేదు, ఆ పిమ్మటను రాలేదు. 2023 సెప్టెంబరులో మోటారు సైకిళ్ల ప్రపంచ పందెమొకటి జరిగినది. అంత పెద్ద యిల్లు కట్టి, పెండ్లి మూడు దినములు చేసి, తలుపులు మూసినట్లున్నది. ఆ నేలలో ఒకప్పుడు పైరు పండినదని తలచినపుడు మా మనసు చివుక్కుమనును. దీనిని నచ్చనివానిలో చేర్చుటకు మాకు నోరు రాదు గాని, నచ్చినదని చెప్పుటకును రాదు.

మేము స్వయముగా పోయి చూచిన పందెము హైదరాబాదులోనిది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరపు టొడ్డున, క్రొత్త సచివాలయపు ప్రక్కగా, ఎన్.టి.ఆర్. మార్గము మీదుగా 2.8 కిలోమీటర్ల బాటను ఏర్పఱచి, విద్యుచ్ఛక్తితో నడచు బండ్ల ప్రపంచ పందెమును మన దేశమున మొదటి మాఱు జరిపిరి. దానిని ఫార్ములా ఈ అందురు. పెట్రోలు బండ్ల గర్జనకు అలవాటుపడిన చెవులకు అది వింతగా నుండెను. బండి పోవునపుడు దూరపు ఈలవంటి ధ్వని, ఆ వెంటనే చక్రములు తారును ఒరసికొను శబ్దము, అంతియే. చంటిబిడ్డలు తల్లుల భుజముల మీద నిద్రపోవుచునే యుండిరి. ఒకే జట్టునకు చెందిన రెండు జాగ్వారు బండ్లు ఇఱుకు మలుపున ఒకదాని నొకటి గుద్దుకొని రెండును పోయినవి. "తోడికోడండ్రు ఒక వంటింటిలో జొచ్చినట్లున్నది" అని మా ప్రక్కనున్న యొక ముసలమ్మ అనగా చుట్టునున్నవారందఱు నవ్విరి. ఫ్రాన్సుదేశస్థుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. నీటి నడుమ బుద్ధవిగ్రహము నిశ్చలముగా నిలిచియుండెను. నోయిడాలోను ఆయన పేరే, ఇచటను ఆయన సన్నిధియే. వేగమునకు మనవారెన్నుకొన్న సాక్షి బాగుగ నున్నాడని మేమనుకొంటిమి.

చూచిన మఱునాడు మేము ఆ త్రోవనే ఆటోలో పోయితిమి. ముందటి దినము గాలివలె పోయిన మలుపున మా ఆటో ఆగి, ముందున్న బస్సునకు దారి యిచ్చెను. ఆ యొక్క నిమిషమున ఆ బాట మాకు చాల ప్రియమైనది. కాని ఆటో నడుపునతడు, కొన్ని దినములుగా దారులు మూసివేయుటచే బేరములు తప్పిపోయిన లెక్కను నగరపు చివరిదాక చెప్పుచునే వచ్చెను. ఆ లెక్కలో తప్పు లేదు. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము జనవరిలోనే రద్దయ్యెను.

ఇట్టి వీధి పందెములకు అన్నిటికిని పెద్దక్క మొనాకో. మధ్యధరా సముద్రపు టొడ్డున కొండను కఱచుకొనియున్న ఆ చిన్న రాజ్యపు వీధులలో 1929 నుండి పందెములు జరుగుచున్నవి. 3.337 కిలోమీటర్ల చుట్టు. వీధులు ఇఱుకగుటచే దాటుటకు చోటులేదని వర్ణించువారు నిందింతురు. అది సత్యమే. పందెమున సగభాగము ఊరేగింపువలె నుండును. కాని మా కది యూరేగింపు గనుకనే నచ్చును. మన యూళ్లలో రథోత్సవమునకు రథవీధి యున్నట్లు, ఆ యూరివారికి ఆ వీధులు. అడ్డుకట్టలు వారముల తరబడి కట్టుదురు, పిమ్మట విప్పుదురు. స్త్రీలు మేడల వసారాలలో కూర్చుండి చూతురు. తరతరములుగా వచ్చుచున్న పండుగయైనచో త్రోవ మూసినందుకు ఎవ్వరును విసుగుకొనరు. హైదరాబాదు బాటకు కొఱతయైనది అందమో నేర్పో కాదు. అది ఊరివారి పండుగ యగుటకు కావలసినన్ని యేండ్లు దానికి దొరకలేదు.

ఇక మాకు ప్రాణమైనవి రెండు. మొదటిది స్పా ఫ్రాంకోర్షాం. బెల్జియముదేశపు తూర్పుభాగమున ఆర్డెన్ అను అడవి కొండల ప్రాంతమున నున్నది. స్పా యనునది ఔషధగుణము గల నీటి యూటలకు పేరుపడిన యూరు. ఇప్పుడు పట్టణములలో ఒళ్లు పట్టించుకొను శాలలకు స్పా యని పేరు పెట్టుచున్నారే, ఆ పేరు ఈ యూరి నుండి వచ్చినదే. 1921లో ఫ్రాంకోర్షాం, మాల్మెడీ, స్టావలో అను మూడూళ్లను కలుపు మామూలు బాటలనే ముక్కోణముగా చేర్చి పందెములు మొదలిడిరి. పాలబండ్లు, ఎండుగడ్డి బండ్లు పోవు త్రోవలు. చుట్టు పొడవు సుమారు 15 కిలోమీటర్లు. ఎవ్వరును ఆ బాటను గీచి కట్టలేదు. కొండ యెటు వంగిన అటు వంగినది, ఏ యింటి మూల యడ్డు వచ్చిన ఆ మూలకు తప్పుకొన్నది.

దాని లోయలో ఓ రూజ్ అను చిన్నయేరు పాఱును. ఎఱ్ఱనీరని యర్థము. మన గోదావరి క్రొత్తనీటి యెఱుపు కాదది. నేలలోని యినుము కరగుటచే వచ్చిన తుప్పు రంగు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు జర్మనీకిని బెల్జియమునకును సరిహద్దు ఆ ప్రాంతముననే యుండుటచే, పాత సుంకపుచావడి యొద్ద బాట ఇఱుకుగా మలుపు తిరిగి కొండ యెక్కెడిది. 1939లో ఆ మలుపును విడిచి, యేరు దాటినంతనే తిన్నగా కొండమీదికి పోవునట్లు నిటారైన యెక్కుడు నొకదానిని వేసిరి. దిగి, యేటి వంతెన దాటి, ఒక్క యూపున పైకెగయు ఆ స్థలమును మోటారు పందెములు చూచు ప్రతివాడును ఎఱుగును. బండి యెక్కుచున్నపుడు సారథికి బాట కనబడదు, ఆకాశము కనబడును. వానయు అచటి విశేషమే. బాటలో నొకవైపు ఎండ కాయుచుండగా మఱియొకవైపు కుండపోతగా కురియుచుండును. వడియములు ఎండబెట్టిన గృహిణికి తెలియదా యా వాన స్వభావము!

1958లో ఆ బాట మీద నొక స్త్రీ ఫార్ములా వన్ పందెమున తిరిగెను. ఇటలీదేశపు నేపుల్సు నగరమునకు చెందిన మరియా తెరెసా దె ఫిలిప్పిస్ ఆమె. ప్రపంచ విజేతృత్వమునకు లెక్కింపబడు పందెమున బండి నడపిన మొదటి స్త్రీ. నీవు వేగముగా నడుపలేవని సోదరులు పరిహసింపగా, ఇరువది రెండవ యేట బండి పట్టినది. స్పాలో మసెరాటి బండిలో ఆమె పదవదిగా పందెము ముగించినది. పదవ స్థాన మేమి గొప్ప యనకుడు. ఆ నాటి 14 కిలోమీటర్ల బాటలో, ఇండ్ల గోడలకును తంతిస్తంభములకును నడుమ, బండిని క్షేమముగా చివరిదాక తెచ్చుటయే గొప్ప. మఱుసటి యేడు ఆమె జాన్ బేరా అను ప్రసిద్ధ సారథి జట్టులో చేరెను. 1959 ఆగస్టు 1వ తేదీన, వానలో, బేరా బండి ఆవుస్ బాటయందలి ఆ యిటుకల వాలు పైయంచు దాటి వెలుపలికి ఎగిరి, అతడు మరణించెను. ఆమె అంతటితో పందెములు మానివేసినది. 2016లో, ఎనుబది తొమ్మిదవ యేట కన్ను మూసినది. ఆ రెండు బాటలలో ఒకటి మాకు ప్రియమగుటకును, ఒకటి అసహ్యమగుటకును ఈమె కథ చాలును.

అట్లని స్పా చేతులు శుద్ధమైనవని మేమనజాలము. 1960లో ఒకే పందెమున ఇద్దఱు యువకులు, క్రిస్ బ్రిస్టో, అలన్ స్టేసీ, అచట మరణించిరి. 1966లో మొదటి చుట్టులోనే వాన ముంచుకొనిరాగా బండ్లు వరుసగా జాఱిపోయెను. జాకీ స్టీవర్టు బండి త్రోవ తప్పి నుజ్జయి, అతడందు చిక్కుకొనియుండగా పెట్రోలు అతని మీదికి కారుచుండెను. ఒక్క నిప్పురవ్వ చాలును. అతనిని బయటికి తీయుటకు బాట ప్రక్కన మనుష్యుడు లేడు, పనిముట్టు లేదు. తామును జాఱిపోయిన గ్రాహమ్ హిల్, బాబ్ బాండురాంట్ అను సారథులు పరుగెత్తివచ్చి, చూడవచ్చిన యొకని యొద్ద పానా అరువు తెచ్చి స్టీరింగును విప్పి అతనిని లాగిరి. అది మొదలు అతడు తన బండిలో నొక పానాను కట్టుకొని తిరిగెను. బాట ప్రక్కన కంచెలు, వైద్యులు, నిప్పార్పు సామగ్రి యుండవలెనని ఏండ్ల తరబడి పోరాడెను. పిఱికివాడని పరిహసించినవారును కలరు. ఆ పరిహాసము చేసినవారిలో స్టాప్‌వాచి పట్టుకొని కూర్చున్నవా రొక్కరైనను ఉండియుండరు.

1979లో స్పా బాటను సుమారు 7 కిలోమీటర్లకు కుదించి, ఇండ్ల మధ్యనుండి పోవు భాగములను విడిచి, కొండలోపలినుండి క్రొత్త త్రోవ కలిపిరి. పాత బాట రుచి పోయినదని విలపించువారు నేటికిని కలరు. మాకు మాత్రము, కుదించిన పిమ్మటనే ఆ బాట మీద ప్రేమ కుదిరినది. ఏరున్నది, ఎక్కుడున్నది, అడవియు వానయు నున్నవి. పోయినది తంతిస్తంభములును గోడలును. కుదించినను కీడు మానలేదు. 2019 ఆగస్టులో ఆంత్వాన్ ఉబేర్ అను 22 ఏండ్ల బాలుడు ఆ యెక్కుడు చివరను, 2023 జులైలో దిలానో వాన్‌తోఫ్ అను 18 ఏండ్ల బాలుడు ఆ యెక్కుడు దాటిన తిన్నని త్రోవలో కండ్లు కానరాని వానలోను మరణించిరి. ఆ రెండు మరణముల నడుమ, 2022లో, ఎక్కుడు ప్రక్కల ఖాళీనేలను వెడల్పు చేసి, జాఱిన బండిని పట్టుటకు గులకఱాళ్లు పోసిరి. అయినను రెండవది తప్పలేదు. పదునెనిమిదేండ్లనగా మన యింట కాలేజీలో క్రొత్తగా చేరిన పిల్లవాని వయస్సు. అంత వానలో పిల్లలను బాట మీదికి పంపకుండుట ఏ యింజనీరు లెక్కయు కాదు. వాన చూచి వలదనుటకు ధైర్య మొక్కటి కావలెను. స్పా ఇష్టమగుటచేతనే మేమీ మాట యింత గట్టిగా ననుచున్నాము.

రెండవది, అన్నిటికంటె నెక్కువ ప్రియమైనది, జర్మనీలోని న్యూర్‌బుర్గ్ రింగ్. ఐఫెల్ అను కొండలలో, ఒక పాత శిథిలదుర్గము చుట్టును, అడవిలో తిరుగు బాట. ఆ ప్రాంతము మిక్కిలి పేదది. జనులకు పని కల్పించుటయు ఉద్దేశముగా 1925లో మొదలిడి 1927లో ముగించిరి. నేడు ఉత్తరపు చుట్టు పొడవు 20.8 కిలోమీటర్లు. ఎడమకును కుడికిని వంపుల లెక్కకు అంతులేదు. స్టీవర్టు దానికి పచ్చని నరకమని పేరు పెట్టెను. అయినను 1968లో పొగమంచులో, వానలో, మణికట్టు దెబ్బతో నచట పందెమును నాలుగు నిమిషములకు పైగా ముందుండి గెలిచినవాడును అతడే. ఆ నాడు ఒక చుట్టునకు పదినిమిషములకు దగ్గఱగా పట్టెను. మంచులోనుండి ఒక బండి వచ్చినది. దాని వెనుక నాలుగు నిమిషములు ఎవ్వరును లేరు. గోడప్రక్కన కాచుకొనియున్న తక్కిన భార్యలకు ఆ నాలుగు నిమిషము లెట్లు గడచినవో!

1976 ఆగస్టు 1వ తేదీన నికి లౌడా బండి అచట మండిపోయెను. వెనుక వచ్చిన తోటి సారథులే మంటలో దూరి అతనిని లాగిరి. ఆఱు వారములకే ముఖమున కట్లతో అతడు మోంజాలో తిరిగి నాలుగవవాడయ్యెను. ఫార్ములా వన్ ఆ తరువాత ఉత్తరపు చుట్టుకు రాలేదు. దానికది పెద్ద పందెము, పాడు బాట. ఎవ్వరైనను మూసివేసెడివారే. మూయలేదు. పక్కన 1984లో పొట్టిబాట కట్టి పెద్ద పందెముల నచటికి మార్చి, పాత చుట్టును ఇతర పందెములకును, బండ్లను పరీక్షించుటకును, సామాన్యజనులకును ఉంచిరి. ఏర్పాటైన దినములలో, సుంకము చెల్లించి, ఎవ్వరైనను తమ బండిలో దానిని చుట్టి రావచ్చును. రోడ్డు నియమములే యచటి నియమములు.

ఆ చుట్టు లోపల న్యూర్‌బుర్గ్ అను చిన్నయూరిలో ఒక హోటలు నడుపుకొను కుటుంబమున సబీనే ష్మిత్స్ పెరిగెను. హోటలు పనియే చదువుకొన్నది. ఇంటి ముందటి బాట ఇతర పిల్లలకు బడికి పోవు త్రోవయైనట్లు ఆమెకు ఈ బాట. జట్టుతో కలిసి 1996లోను 1997లోను ఆ బాటమీద నిరువదినాలుగు గంటల పందెమును గెలిచినది. స్త్రీలలో ఆ గెలుపు ఆమెదే మొదటిది. పిమ్మట టాక్సీ పేర బి.ఎం.డబ్ల్యు. బండిలో వచ్చినవారిని కూర్చుండబెట్టుకొని త్రిప్పుటయు ఆమె పనియయ్యెను. 2005లో ఇంగ్లండు టెలివిజనువారి కొఱకు సామానులు మోయు వ్యానుతో ఆ చుట్టును పది నిమిషములలో ముగింతునని పట్టుబట్టి, 10 నిమిషముల 8 సెకండ్లకు వచ్చినది. నవ్వుచు, ప్రక్కవారితో మాటలాడుచు, వ్యానును మలుపులయందు పరుగులెత్తించుచున్న ఆ ముఖమును చూచినవారికి భయము తోచదు. గరిటె త్రిప్పు చేతికి వంటిల్లు ఎంత యలవాటో, ఆమె చేతికి ఆ వంపు లంత యలవాటు. 2021 మార్చిలో, 51వ యేట, జబ్బుతో మరణించినది. ఆ యేటనే ఉత్తరపు చుట్టు మొదటి మలుపునకు ఆమె పేరు పెట్టిరి.

ఆ బాటను సుంకము కట్టి చుట్టవచ్చునని తెలిసినది మొదలు మా పిల్లలు లెక్కలు వేయుచున్నారు. ప్రయాణపు ఖర్చు ఒక కాగితము మీద, సుంకము ఒక కాగితము మీద. వాన దినమున మాత్రము వలదని చెప్పియున్నాము.